ఎర్రగడ్డానికి తొంభై మూడు

మా ఊళ్ళో నా ఉద్యోగం గురించి చెప్పుకునే మాట ఒకటే. "గంగాధర్ దుబాయ్ పోయి టీవీల ఆటలు సూస్తడట. గా పనికి జీతం గూడ ఇస్తరట." నేను ఉన్నది దుబాయ్ కాదు, ఖతార్ అని మొదటి రెండేళ్ళు చెప్పి చూశాను. తరవాత మానుకున్నాను. ఆటలు చూస్తాడన్నది మాత్రం నిజమే. పదహారేళ్ళు చూశాను. అందులో చూడవలసిన దాన్ని ఎంత చూశానన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఈ పనికి హైదరాబాద్‌లో కోర్సులు పెట్టారట. నోరు తిరగని పేరొకటి పెట్టారు దానికి. ఆ కోర్సు చదివిన పిల్లలు నన్ను ఎక్కడ పట్టుకుంటారో గానీ మెసేజ్‌లు పెడుతుంటారు. "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు సార్?" అని ఒకరు, "లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో ఏం రాయాలి సార్?" అని ఇంకొకరు. ఆటలో ఏం చూడాలి సార్ అని అడిగినవాడు ఇంతవరకూ లేడు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటే కాబట్టి ఇది రాస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ పని

అమెరికా వాళ్ళకు ఒక ఆట ఉంది. కాలితో తన్నేది తక్కువైనా దాన్ని ఫుట్‌బాల్ అనే అంటారు. అందులో బంతి అందుకుని, దూరంగా పరిగెత్తుతున్న తనవాడికి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. పేరూ, ఫొటోలూ, షాంపూ ప్రకటనలూ అన్నీ వాడివే. వాడి ముందు ఐదుగురు కొండల్లాంటి మనుషులు వరసగా నిలబడి, అవతలి జట్టువాళ్ళు వచ్చి వాడి మీద పడకుండా ఆపుతుంటారు. వాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళలోవాళ్ళకు తెలిస్తే గొప్ప.

ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్ళు ఈ ఆటగాళ్ళలో నచ్చినవాళ్ళను ఏరుకుని తమకొక ఉత్తుత్తి జట్టు కట్టుకుంటారు. అసలు ఆటలో వాడు బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు పాయింట్లు. దీన్ని ఫాంటసీ అంటారు. మా అమెరికా క్లయింటు నడిపేది ఉచిత ఆట, అందులో ఫులూస్, అంటే డబ్బుల ప్రసక్తి లేదు. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడికీ నూటికి ఇంత అని ఒక విలువ ఉండాలి. ఆ విలువ కట్టడమే నా పని. అక్కడ ఆదివారం ఆడిన ఆట రికార్డింగ్ సోమవారం పొద్దున ఆరింటికల్లా దోహాలో మా ముందుండేది. అమెరికా నిద్ర లేచేలోపు మా షీట్లు వెళ్ళిపోవాలి.

అన్నిటికన్నా కష్టం జట్టు మారినవాడికి విలువ కట్టడం. పోయినేడు వాడి అంకె తొంభై అయితే ఈ ఏడు కూడా తొంభై అని వేసేవాళ్ళు మా రంగంలో నూటికి తొంభై మంది ఉంటారు. అంకె మనిషి ఒంటికి అంటుకుని వస్తుందని వీళ్ళ నమ్మకం. చొక్కా మారిస్తే చాలు, లోపలి సరుకు అదేనట. ఇలాంటి వాళ్ళకు టీవీలో నిపుణుడు అని కింద పేరు వేస్తారు.

అట్టముక్క

దోహాలోని అబూ హమూర్ పేటలో ఒక సూపర్‌మార్కెట్ పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. పొద్దంతా కిందినుంచి ఉల్లిపాయల వాసన. మొదటి బాస్ అబూ సమీర్ అనే జోర్డాన్ పెద్దాయన. నేను చూసిన బాసుల్లో పని తెలిసినవాడు ఆయనొక్కడే. "ఈ ఆటగాడు బాగా ఆడతాడనిపిస్తోంది" అని నేను రాస్తే, కాగితం నా బల్ల మీదకి విసిరి, "షూఫ్, గంగా, షూఫ్!" అని అరిచేవాడు. చూడు, చూడు అని. అనిపించింది ఇంట్లో చెప్పుకో, ఇక్కడ చూసింది రాయి అని ఆయన గోల. ఆయన తిట్లకు నేను కుమిలిపోయేవాణ్ణి. తరవాత నాకు దొరికిన పొగడ్తలతో పోలిస్తే ఆ తిట్లే నయం.

ఖాజా అక్కడే పరిచయం. బోధన్ వాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. అంతకుముందు ప్రపంచ కప్ కోసం సిద్ధం చేస్తున్న ఒక స్టేడియంలో పరంజా కట్టేవాడు. మోకాలు అరిగిపోయి పైకెక్కలేని పరిస్థితి వచ్చాక, ఇంగ్లిష్ చదవడం వచ్చు కాబట్టి మా దగ్గర ట్యాగింగ్‌లో చేరాడు. ట్యాగింగ్ అంటే రికార్డింగ్ ఆపి ఆపి చూస్తూ, ఎవడు ఏ క్షణంలో ఏం చేశాడో కాలమ్‌లలో నింపడం. ఎనిమిది గంటల డ్యూటీ అయ్యేసరికి కళ్ళు మిరపకాయలవుతాయి.

చేరిన వారానికే ఖాజా ఒక ఖర్జూరం బిస్కెట్ల డబ్బా చింపి, ఆ అట్టలో అరచేయంత కిటికీ కోసి మానిటర్‌కు అడ్డంగా అంటించాడు. బంతీ లేదు, విసిరేవాడూ లేడు, అందుకునేవాడూ లేడు. కిటికీలోంచి ముందు వరస ఐదుగురూ తప్ప ఇంకేమీ కనపడదు. ఆఫీసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

"ఏంది ఖాజా, సినిమాకు పోయి తెర మూసుకుంటరా ఎవలన్న?"

"బంతి ఎమ్మటి పోతే కన్ను ఖరాబైతది అన్నా," అన్నాడు. "పరంజా మీద నిలబడి పనిజేసేటోన్ని అందరు సూస్తరు. కింద క్లాంపు బిగిసి ఉన్నదా లేదా అని సూసేటోడు ఒక్కడుండాలె. నాకు గా పనే అలవాటు."

షీట్‌లో ఎవరూ అడగని కాలమ్ ఒకటి కూడా పెట్టుకున్నాడు. చేతికి టైమ్ అని దాని పేరు. బంతి అందాక విసిరేవాడికి ఆ ఐదుగురూ ఎంతసేపు ఇచ్చారు, ఐదుగురిలో ముందు ఎవడు ఓడాడు అన్నది అందులో రాసేవాడు. క్లయింటుకు అది వెళ్ళేది కాదు. నేను మాత్రం విలువలు కట్టే ముందు ఒకసారి ఆ కాలమ్ వైపు చూసేవాణ్ణి. చూసి, అక్కడ తోచిందాన్ని నా బుర్రలో పుట్టినట్టే రాసేవాణ్ణి.

మూడు సీజన్లు నా విలువలు అచ్చుగుద్దినట్టు నిజమయ్యాయి. క్లయింటు ఉత్తరాల్లో నా పేరు రావడం మొదలైంది. "నాకు కన్ను ఉంది" అని నేను కనపడినవాడికల్లా చెప్పడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. మొదట్లో సరదాకే అన్నాను. అనగా అనగా నేనే నమ్మేశాను.

మూడు శుక్రవారాలు

మేం తినే ఏరియాలో మనవాళ్ళ హోటళ్ళు నాలుగున్నాయి. ఒక హోటల్ వంటమాస్టర్ ఇంకో హోటల్‌కు మారాడంటే ఆ మరుసటి శుక్రవారం జనమంతా ఆయన వెనకే అక్కడికి పరిగెత్తేవారు. ఖాజా కదిలేవాడు కాదు.

"మూడు శుక్రవారాలు ఆగాలె అన్నా. మాస్టర్ ఒక్కడే గదా పోయింది? మసాల నూరెటోడు, బియ్యం కడిగెటోడు, పొయ్యి కాడ నిలబడెటోడు ఈడనే ఉన్నరు. రుచిల మాస్టర్‌ది ఎంత, వీళ్ళది ఎంత అన్నది మూడు శుక్రవారాలైతె తెలుస్తది."

ఆగి, తిని వచ్చి, ఆ అట్టముక్క వెనక రాసుకునేవాడు. ఫలానా మాస్టర్, పాత హోటల్‌లో ఎనభై, కొత్త హోటల్‌లో యాభై అని. పాత అంకె ముందే రాసిపెట్టి, కొత్త అంకెకు జాగా ఖాళీగా ఉంచేవాడు. మేమంతా అదొక తమాషాగా చదివేవాళ్ళం. విలువ కట్టే విద్య మొత్తం ఆ బిస్కెట్ డబ్బా వెనకే ఉందని, విలువ కట్టి బతికేవాణ్ణి నాకే తట్టలేదు.

స్లైడ్ల సారు

ప్రపంచ కప్ ఇంకా మూడేళ్ళు ఉందనగా దోహాకు ఒక జ్వరం పట్టుకుంది. బంతిని బజారులో కూడా చూడనివాడు ఆటల నిపుణుడైపోయాడు. ప్రతి అడ్డుగోడ మీదా బంతి బొమ్మ, ప్రతి ఆఫీసు పేరులో స్పోర్ట్స్ అనే మాట. దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో అలాంటి కొత్త కంపెనీ ఒకటి నన్ను పిలిచింది. అద్దాల గది, సముద్రం కనిపించే కిటికీ, నొక్కితే కాఫీ పోసే మిషను. అక్కడి పెద్దను నేను స్లైడ్ల సారు అనేవాణ్ణి. మనిషి నోటితో మాట్లాడడు. తెర మీద రంగుల స్లైడు వేసి దాన్ని చదువుతాడు. ఆట ఒక్కటి పూర్తిగా చూసిన మనిషి కాదు.

నాకు పిలుపు వచ్చిందని తెలిసిన రోజే ఖాజా అడిగాడు. "అన్నా, నన్ను గూడ తీస్కపోతవా? నువ్వు పోతే ఈ డెస్క్ ఉండది. ఇంకో కంపెనీ వీసా కాయితమిస్తేనే నాకు ఈడ దిక్కు, లేకపోతే ఇంటికే. నాకు ఎక్కువ వద్దు. నేను పైపులు కట్టిన స్టేడియంల కూసోని ఒక్క మ్యాచ్ సూడాలె. సూసి నేనే పోత."

"నువ్వు లేంది నేనెట్ల పోత ఖాజా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇంటర్వ్యూలో స్లైడ్ల సారు తెర మీది స్లైడు చదువుతూ నన్ను అడిగాడు, మీకు పాత ట్యాగింగ్ మనుషులెవరైనా కావాలా అని. అడిగి, నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు, ట్యాగింగ్ మా దగ్గర సాఫ్ట్‌వేర్ చేస్తుంది, మేం తీసుకుంటున్నది మీ కన్నును అని. నా కన్ను అన్న మాట చెవిన పడగానే నేను వెన్నలా కరిగిపోయాను. అక్కర్లేదన్నాను. ఖాజాతో మాత్రం, ముందు నేను వెళ్ళి కుదురుకుంటాను, నెలలో నిన్ను పిలిపిస్తాను అని చెప్పాను.

క్లయింటు కూడా తన పనిని నా వెనకే లుసైల్‌కు మార్చాడు. అబూ హమూర్ డెస్క్ మూతపడింది. కొత్త కంపెనీ కాగితం తెచ్చుకోవడానికి ఖాజాకు ఒక నెల గడువిచ్చారు. ఆ నెలలోనే అమెరికాలో సీజన్ మొదలైంది.

ఎర్రగడ్డం

ఆ ఏడు అమెరికాలో అందరి నోటా ఒకే క్వార్టర్‌బ్యాక్. అసలు పేరు ఎందుకు గానీ, మేం ఎర్రగడ్డం అనేవాళ్ళం. పాత జట్టులో మూడేళ్ళు దుమ్ము లేపి, ఈ సీజన్‌కు కొత్త జట్టులో చేరాడు. విలువ నేను కట్టాలి. సాఫ్ట్‌వేర్ పట్టిక చూశాను. ఎంత దూరం విసిరాడు, ఎన్ని తనవాళ్ళకు చేరాయి, అన్నీ దశాంశాలతో సహా ఉన్నాయి. చేతికి టైమ్ అనే కాలమ్ లేదు. లేదన్న సంగతి నాకు కనపడలేదు కూడా. తొంభై మూడు వేశాను. స్లైడ్ల సారు ఆ అంకెను బంగారు రంగులో వేయించాడు.

మొదటి ఆటలో ఎర్రగడ్డం ఎక్కువసేపు నేల మీదే ఉన్నాడు. బంతి చేతికి రావడం, మీద ఇద్దరు పడడం. స్లైడ్ల సారు "కుదురుకునే దశ" అని ఒక స్లైడు వేశాడు. నేను తల ఊపాను. రెండో ఆటలో దెబ్బ మీద దెబ్బ. "దురదృష్టం" అని నేనే చెప్పి ఇంకో స్లైడు వేయించాను. మూడో ఆట అయ్యాక క్లయింటు ఉత్తరం రాశాడు, వచ్చే సోమవారంలోగా ఆ తొంభై మూడుకు సంజాయిషీ చెప్పండి, లేదా కొత్త అంకె ఇవ్వండి అని. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా రంగంలో తప్పు చేసినవాడు దురదృష్టం అనే మాట వాడాడంటే, వాడు ఆట చూడలేదని అర్థం. ఈ ఒక్కటి గుర్తుంటే మీ కోర్సు ఫీజు దండగ కాలేదనుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ పార్సెల్ పట్టుకుని అబూ హమూర్‌లో ఖాజా రూముకు పోయాను. అంతవరకు ఒక్కసారి కూడా పోలేదు. గడువింకా వారమే ఉంది. పెట్టె సగం సర్ది ఉంది.

"ఎర్రగడ్డం సంగతేంది ఖాజా? నువ్వేమన్న సూసినవా?"

"మూడు ఆటలు సూసిన, ఫోన్ల." అరచేతులు రెండూ ఫోన్‌కు అటూ ఇటూ అడ్డం పెట్టి, నడుమ సందు చూపించి నవ్వాడు. "ఆయనకేం కాలే అన్నా. చెయ్యి గట్లనే ఉన్నది. ఆయన పోయిండు గని, ఆయన ముందటోళ్ళు పోలే. పాత జట్టుల ఎడమదిక్కు నిలబడెటోడు యాదికున్నడా, మెడ లేనోడు? వాడు ఈయనకు మూడు లెక్కపెట్టేదాంక టైమిస్తుండె. కొత్త జట్టుల ఆ జాగల ఉన్నోడు ఒకటి అనంగనే పడిపోతుండు. చెయ్యి ఎంత మంచిదైతేంది, ఎత్తే టైమే లేకపాయె."

"మరెంత వెయ్యమంటవు?"

"మూడు శుక్రవారాలైనయ్ గదా. నలభై ఎనిమిది ఎయ్యి. ఆ ఎడమదిక్కోన్ని మారిస్తే డెబ్బై దాంక పోతది."

ఒక కాగితం మీద మొత్తం రాసిచ్చాడు, ఐదుగురి గురించీ విడివిడిగా. ఇస్తూ మెల్లగా అన్నాడు. "సోమవారం మీ సారుకు ఒక మాట చెప్తవా అన్నా, నా కాయితం గురించి?"

"చెప్పకుంట ఉంటనా?" అన్నాను.

సోమవారం మీటింగ్

ఆ కాగితాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చదివాను. నలభై ఎనిమిది, కారణం ముందు వరస, ఎడమవైపు మనిషి మారితే డెబ్బై. క్లయింటు ఫోన్‌లో వింటున్నాడు. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. తరవాత, మాకు కావలసింది ఇదే, మా దగ్గర ఇన్ని పట్టికలున్నా ఎవడూ ఈ మాట చెప్పలేదు అన్నాడు. స్లైడ్ల సారు ముఖం వెలిగిపోయింది.

ఫోన్ పెట్టేశాక ఆయన జన్మలో మొదటిసారి స్లైడు లేకుండా మాట్లాడాడు. "ఇది సాఫ్ట్‌వేర్‌లో లేదు కదా. ఎవరు పట్టుకున్నారు? వేరే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ రోజే తీసుకుందాం."

సరిగ్గా ఈ మాటలే. మరచిపోదామన్నా మరపు రావు. నేను ఖాజా అని రెండక్షరాలు పలికితే సరిపోయేది. పలికితే ఇంకోటి కూడా బయటపడేది, మూడేళ్ళుగా నా పేరు మీద నడిచిన కన్ను ఎవడిదో. అది ఒక బిస్కెట్ డబ్బా అట్టదని, పరంజా కట్టుకునేవాడిదని, నేను కాపీ కొట్టి బతుకుతున్నానని.

"వేరే మనిషి ఎవరూ లేరు. రికార్డింగులు మళ్ళీ చూశాను, దొరికింది," అన్నాను.

బాసులను తిట్టడం సులువు. పై పేజీల్లో నేను తిట్టిన స్లైడ్ల సారు ఆ రోజు సరైన ప్రశ్న అడిగాడు. సిగ్గుమాలిన జవాబు చెప్పింది నేను.

శుక్రవారం మళ్ళీ బిర్యానీ పట్టుకుని పోయాను. సారు ఒప్పుకోలేదు ఖాజా, ఎంతో చెప్పి చూశాను అన్నాను. ఖాజా పార్సెల్ విప్పి, నాకే ఎక్కువ ముక్కలు పెట్టాడు. వెళ్ళేటప్పుడు పెట్టెలోంచి ఆ అట్టముక్క తీసి ఇచ్చాడు. "బోధన్‌ల నాకేం పని దీనితోని. నీ తాన ఉండనీ అన్నా. పనికొస్తది." ఆ సాయంత్రమే విమానం.

తరవాత

పనికొచ్చింది. లుసైల్ ఆఫీసులో అట్టలు అంటించనివ్వరు కాబట్టి రికార్డింగులు ఇంటికి తెచ్చుకుని, ఆ కిటికీలోంచి చూసి, పొద్దున నా కన్నుతో చూసినట్టు రాసేవాణ్ణి. ప్రపంచ కప్ వచ్చింది. మంచి పనివాడినని కంపెనీ నాకు టికెట్ ఇచ్చింది. ఏ స్టేడియానికి ఇచ్చిందో చెప్పనక్కర్లేదనుకుంటాను. నా పక్కన సీట్లో ఒకాయన గోలు పడినప్పుడల్లా నా భుజం పట్టుకుని ఊపాడు. నేను ఆట చూడలేదు. పైకప్పు కిందుగా ఉన్న ఉక్కు దూలాలు చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళంతా సిగ్గుగా ఉంది. లేచి వచ్చేద్దామంటే, ఖాజా కోరుకున్న సీటును ఖాళీగా వదిలి వచ్చినట్టు అవుతుందని చివరిదాకా ఉన్నాను. ఇలాంటి సాకులు చెప్పుకోవడంలో నాకు నిజంగానే నేర్పు ఉంది.

పోయినేడు రిటైరయ్యి సామాను సర్దుతుంటే అట్టముక్క చేతికొచ్చింది. వెనక వంటమాస్టర్ల లెక్క ఉందని తెలుసు కాబట్టి ఇన్నేళ్ళూ తిప్పి చూడనే లేదు. ఇప్పుడు తిప్పాను. మాస్టర్లందరి కింద, చివరి వరసలో ఖాజా రాత: "గంగన్న. అబూ హమూర్‌ల 90. లుసైల్‌ల..." ఆ పక్కన జాగా ఖాళీ.

బోధన్‌కు ఫోన్ చేశాను. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే దుకాణం పెట్టుకున్నాడు. మోకాలు అట్లనే ఉందట. ప్రపంచ కప్ టీవీలో చూశాడట. స్టేడియం చూపించినప్పుడల్లా పిల్లలను పిలిచి, ఆ మూలకు పైపులు నేనే కట్టిన అని చెప్పాడట. అది విన్నాక నాకు ఆగలేదు. ఆ సోమవారం స్లైడ్ల సారు ఏమడిగాడో, నేనేం చెప్పానో మొత్తం చెప్పేశాను.

ఆ పైపులు మెల్లగ దించుండ్రి అని పక్కన ఎవరికో చెప్పి, మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

"నాకు అప్పుడే తెల్సు అన్నా," అన్నాడు. "ఒప్పుకోని సారు సంగతి జెప్పెటోడు సారును రెండు తిట్లు తిడ్తడు. నువ్వు తిట్టలే. బిర్యానీ తింటున్నంతసేపు కిందికే సూసినవు."

"మరి అంకె ఎందుకెయ్యలేదు ఖాజా? జాగ ఖాళీగ ఉంది."

"అప్పటికి అందరు నీకు కన్ను ఉన్నదంటుండ్రి గదా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వే ఏసుకో."

పెన్ను తీసి ఇరవై అని వేశాను. అందులో పది ఆ బిర్యానీలకు.